చరిత్ర విభాగం వార్షిక నివేదిక: ఏడవ డివిజన్, రెండు ప్రపంచ యుద్ధాలు

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన విభాగం బ్రిటిష్ ఇండియా సైన్యంలోని ఏడవ డివిజన్‌ను అధ్యయనానికి తీసుకుంది. ఏ బెటాలియన్ ఎప్పుడు ఏ బ్రిగేడ్ కింద ఉందో చూపే పట్టిక తయారైంది (కొన్ని బెటాలియన్లు కలిస్తే బ్రిగేడ్, కొన్ని బ్రిగేడ్లు కలిస్తే డివిజన్). డివిజన్ అంకె పట్టుకుని వెతికితే దారి తప్పుతాం. మొదటి యుద్ధంలో ఏడవదిగా పోరాడింది మీరట్ డివిజన్. రెండో యుద్ధంలోది 1940 అక్టోబరులో అటక్‌లో కొత్తగా ఏర్పాటైంది. అంకె ఒకటే గాని బలగం వేరు. బెటాలియన్ పేరుతోనే వెతకాలి, అదీ 1922 మార్పులు గుర్తుంచుకుని: 39వ గర్వాల్ రైఫిల్స్ ఆ ఏడు 18వది అయింది, 14వ సిక్కులు 11వ సిక్కు రెజిమెంటులో 1వ బెటాలియన్ అయ్యారు.

మీరట్ డివిజన్ 1914 అక్టోబరులో ఫ్రాన్స్‌లోని మార్సేల్ రేవులో దిగింది. 1915 మార్చి 10న న్యూవ్ షాపెల్ దగ్గర 35 నిమిషాలు ఫిరంగులు పేల్చి, 8:05కి పదాతిదళం ముందుకు ఉరికింది. ఊరు త్వరగానే చిక్కింది. అయితే గర్వాల్ 1వ బెటాలియన్ కుడివైపుకు ఒరిగిపోయి, గుండ్లకు తెగని ముళ్లకంచె మీద పడింది. నష్టం ఎంతగా జరిగిందంటే, కొద్ది వారాల్లో రెండు గర్వాల్ బెటాలియన్లనూ కలిపి ఒక్కటి చేశారు. అందుకే ఆ నెలల యుద్ధ డైరీల్లో (బలగాలు రోజువారీగా రాసుకున్న రికార్డుల్లో) 1వ, 2వ అని వెతికితే ఏమీ దొరకదు. డివిజన్ తర్వాత మెసపొటేమియా (నేటి ఇరాక్), పాలస్తీనా వెళ్లింది. 1918 అక్టోబరు 8న బేరూత్ చేరారు.

రెండో యుద్ధం అనగానే అందరూ 1944 ఫిబ్రవరిలో బర్మాలోని ఆరకాన్‌లో, జపాన్ సేన చుట్టుముట్టిన డివిజన్ సరఫరా స్థావరం ‘అడ్మిన్ బాక్స్’ దగ్గర జరిగిన పోరు గురించే అడుగుతారు. మా లెక్కలో 1945 ఫిబ్రవరి 14న న్యాంగూ దగ్గర ఐరావతి నది దాటడమే పెద్ద పాఠం. బ్రిటిష్ సౌత్ లాంకషైర్ రెజిమెంటు దళం (కంపెనీ) ఒకటి తెల్లవారక ముందే తెడ్లతో, చప్పుడు లేకుండా ఆవలి ఒడ్డుకు చేరింది. మిగతావాళ్లు మోటారు పడవలెక్కారు. దూరం నుంచి రోడ్డు మీద మోసుకొచ్చిన పడవలు అప్పటికే దెబ్బతిని నీళ్లు కారాయి, ఇంజన్లు మొండికేశాయి, ప్రవాహం పడవల్ని చెల్లాచెదురు చేసింది. ఈలోగా తెల్లారిపోయి శత్రువు మెషిన్‌గన్లకు దొరికారు. ఫిరంగులు, విమానాలు ఎదుటి ఒడ్డును అణచాక 4/15 పంజాబ్ (15వ పంజాబ్ రెజిమెంటు 4వ బెటాలియన్) దాటింది.

వచ్చే ఏడాది పశ్చిమ గోదావరి జిల్లా మిలిటరీ మాధవరం గ్రామంతో మొదలుపెట్టి, రెండు యుద్ధాలకూ వెళ్లిన మనవాళ్ల వివరాలు ఇదే పద్ధతిలో బెటాలియన్లకు జతచేస్తాం. మొదటి యుద్ధపు వెండి పతకం ఇంట్లో ఉన్నవారు దాన్ని రుద్ది మెరిపించకండి. అంచు మీద సైనికుడి నంబరు, హోదా, పేరు, రెజిమెంటు సన్నగా చెక్కి ఉంటాయి, పాలిష్ చేస్తే అరిగిపోతాయి. పక్క నుంచి వెలుగు పడేలా పెట్టి, అంచు చుట్టూ తిప్పుతూ నాలుగైదు ఫోటోలు తీసి పంపండి. పేరు కన్నా నంబరే ముఖ్యం: ఒకే పేరు పది రకాల ఇంగ్లీషు స్పెల్లింగులతో నమోదై ఉంటుంది.