సంతలోనే టీకాలు

పాడేరు

పద్మా,

జవాబు ఆలస్యమైంది, క్షమించు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, చిన్నవాడు నడుస్తున్నాడు, బదిలీ సంగతి ఇంకా తేలలేదు. ఇవన్నీ తర్వాత. ముందు ఇది విను.

కొండ మీది గూడెంలో టీకాల బుధవారం వస్తే అంగన్‌వాడీ ఖాళీగా ఉంటుందని చెప్పాను కదా. తల్లులకు అవగాహన లేదని ప్రతి సమీక్షలోనూ అదే మాట! ఈసారి ఆ తల్లులనే అడుగుదామని పట్టుబట్టాను. జార్ఖండ్, ఒడిశాల్లో ఏక్‌జుట్ సంస్థ చేసింది అదే. ఆడవాళ్లు నెలనెలా కూడి, కష్టమేదో తామే తేల్చి, దారి కూడా తామే వెతుక్కున్నారు. 2005 నుంచి మూడేళ్లలో అక్కడ నెల నిండని పసికందుల మరణాలు, బృందాలు లేని ఊళ్లకంటే 32 శాతం తక్కువ. అంతకు ముందే నేపాల్‌లోని మక్వాన్‌పూర్‌లోనూ ఇలాగే జరిగింది.

సరే, బొమ్మల అట్టలు పరిచి, మనిషికి మూడు చింతగింజలు ఇచ్చి, పెద్ద కష్టం మీద పెట్టమన్నాం. జ్వరం మీద నాలుగు, దారి మీద రెండు. ఇంతలో బిడ్డను వీపున కట్టుకున్న ఒక పిల్ల లేచి, బొగ్గుముక్కతో నేల మీద తక్కెడ గీసి, తన గింజలు మూడూ అందులో పోసింది. "బుధవారం మాకు సంత. మిరియాలు అమ్మితేనే ఉప్పూ నూనే. సూది వేస్తే రాత్రంతా బిడ్డ ఒళ్లు కాలుతుంది. మర్నాడు కాఫీ పళ్లు కోతకు ఎవరు పోతారు?" అంది. అంతే, తక్కినవాళ్లూ అట్టల మీద గింజలు తీసి ఆ తక్కెడలో వేశారు. మా అట్టల్లో సంత బొమ్మే లేదు పద్మా!

ఇక వాళ్లను ఆపలేకపోయాం. ఉప్పు కొట్టు పక్కన చింతచెట్టు కింద బల్ల వేయాలట, అదీ బేరాలు మొదలవకముందే. జ్వరం మందు చేతికిచ్చి ఎంత పట్టాలో చూపించాలి. కోతలప్పుడు ఇద్దరు అవ్వలు వంతులవారీగా అంగన్‌వాడీలో పిల్లల్ని చూస్తారు. ఏ పథకంలో ఇంత ఆలోచన ఉంది చెప్పు!

వెనక వరసలో ఒకామె గింజలు పిడికిట్లోనే పట్టుకుని కూర్చుంది. పోయిన చలికాలం ఆమె బిడ్డ... వద్దు, అది ఎదురుగా కూర్చుని చెప్పాలి.

మెడికల్ ఆఫీసర్ ఒప్పుకున్నారు. రేపే మొదటి సంత. ఏఎన్‌ఎం అక్క ఐస్ ప్యాకులు సర్దుదాం రమ్మని పిలుస్తోంది, జీపు కూడా వచ్చేసింది. ఎంతమంది వచ్చారో రేపు రాత్రికే రాస్తాను.

నీ
సుధ