ఛాయాగ్రాహకుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పనుల్లో సినిమా వాళ్లు చేరే కృష్ణానగర్ టీ కొట్ల దాకా వెళ్లిన కబురు ఫిల్మ్ లోడింగ్, అంటే కెమెరాకు ఫిల్మ్ ఎక్కించే శిక్షణ. మెమరీ కార్డుల కాలంలో ఇదెందుకని కమిటీలోనే కొందరు పెదవి విరిచారు. అయినా అసిస్టెంట్లు గది నిండా వచ్చారు. వేస్ట్ ఫిల్మ్ చుట్టను, మ్యాగజైన్‌ను (కెమెరాకు తగిలించే ఫిల్మ్ పెట్టె) వెలుతురు చొరబడని చేంజింగ్ బ్యాగులో పెట్టి, మోచేతుల దాకా చేతులు దూర్చి, కంటితో పని లేకుండా వేళ్లతోనే ఎక్కించాలి. లోపల చేతులకు చెమట పట్టేస్తుంది, పైన సీనియర్ గడియారం చూస్తుంటాడు. బయటికి తీశాక అంచు మడత పడి ఉంటే మళ్లీ మొదటికే!

మాకు నచ్చింది ఆ తర్వాత నడిచిన వాదన. 35 ఎం.ఎం.లో 400 అడుగుల చుట్ట, సెకనుకు 24 ఫ్రేముల చొప్పున, నాలుగున్నర నిమిషాల్లోపే అయిపోతుంది. అందుకే అప్పట్లో రిహార్సల్ పూర్తయ్యాకే కెమెరా తిరిగేది. ఇప్పుడు ‘కట్’ చెప్పే తొందర ఎవరికీ లేదు. ఆర్టిస్టు డైలాగు మర్చిపోయినా కెమెరా తిరుగుతూనే ఉంటుంది, ఫోకస్ సరిచూసే అసిస్టెంటు, అదే ఫోకస్ పుల్లర్, రెప్ప వేయకుండా మానిటర్‌కే అతుక్కుపోవాలి. ఖర్చు తగ్గిందని నిర్మాత సంతోషం, కళ్లు మాత్రం మనవి.

కాల్‌షీట్ (షూటింగ్ వేళల) గొడవ కూడా ఈ ఏడాది నడిచింది. రాత్రి రెండింటికి ప్యాకప్ చెప్పి, పొద్దున ఆరింటికి మళ్లీ రమ్మన్న యూనిట్లపై ఫిర్యాదులు వచ్చాయి. ఆ వేళలో మెట్రో ఉండదు, ఆటోవాడు అడిగిందే రేటు. రెండు షిఫ్టుల మధ్య తగినంత విరామం, అర్ధరాత్రి దాటితే ఇంటికి బండి అని నిర్మాణ సంస్థలకు లేఖలు రాశాం. కొందరు ఒప్పుకున్నారు. ఒక సంస్థ దగ్గర పాత బకాయి ఇంకా రావాలి, వెంటపడుతున్నాం.

పాత సినిమాల చర్చలో ‘మాయాబజార్’ (1957) వెన్నెల మీదే మాట తెగలేదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ పనితనం అది. కలర్ గ్రేడింగ్ సాఫ్ట్‌వేర్ ఊసే లేని రోజులు. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌తో పగలే రాత్రి ఎలా తీస్తారో ఒక సభ్యుడు చేసి చూపించారు. ఎర్ర ఫిల్టర్ పెట్టి, ఎక్స్‌పోజర్ తగ్గిస్తే నీలాకాశం నల్లబడుతుంది. కృష్ణకాంత్ పార్కులో డిజిటల్ కెమెరా మోనో (బ్లాక్ అండ్ వైట్) మోడ్‌లో ప్రయత్నిస్తే ఆకాశం బాగానే కుదిరింది, కొత్తవాళ్ల మొహాలే బూడిద పూసినట్టు వచ్చాయి. థర్మాకోల్ షీటు పట్టి మొహాల మీదికి వెలుతురు మళ్లించాక తేరుకున్నాయి. తెలుగులో తొలి సినిమాస్కోప్ (వెడల్పాటి తెర) చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ (1974)కు ఛాయాగ్రాహకుడు వీ.ఎస్.ఆర్. స్వామి పనిచేసిన తీరుపైనా ఒక సాయంత్రం మాట్లాడుకున్నాం. దానికి వాడే అనామార్ఫిక్ లెన్సు బొమ్మను అడ్డంగా సగానికి నొక్కి పడుతుంది, ఫోకస్‌లో ఇంచి తేడా వచ్చినా క్షమించదు. కెమెరాకు, ఆర్టిస్టుకు మధ్య దూరం టేపు పట్టి కొలిచే అలవాటు ఎందుకొచ్చిందో పిల్లలకు అప్పుడు అర్థమైంది.

వైద్య శిబిరంలో కళ్లతో పాటు నడుము పరీక్షలకూ క్యూ కట్టారు. భుజాన కెమెరా మోసినవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు. లైట్‌బాయ్‌లను కూడా పిలిచాం. జనరేటర్ కేబుళ్ల మధ్య, వానలో పనిచేసేది వాళ్లే కనుక, ఎర్తింగ్ చూడకుండా లైటు వేయొద్దని అక్కడే గట్టిగా చెప్పించాం.

బీమా కార్డు రెన్యువల్ చేయించుకోని సభ్యులు ఈ నెలాఖరులోగా ఆఫీసుకు రండి. జమాఖర్చుల పద్దు కోశాధికారి చదువుతారు.

— కార్యదర్శి