పక్షవాతం పేషెంట్‌ని ఇంటికి పంపిస్తున్నరు, చూసుకునేటోళ్లకు ఎవరు నేర్పుతరు?

ఎడిటర్ గారికి నమస్కారం.

పక్షవాతం గురించి పేపర్లల్ల ఎప్పుడు వచ్చినా మూతి వంకర పోయిందా, చెయ్యి లేస్తలేదా, మాట తడబడుతుందా చూసుకోండి, వెంటనే 108కి ఫోన్ చేసి దవాఖానకు తీసుకపోండి అని రాస్తరు. రాయాల్సిందే. రక్తం గడ్డ కట్టి వచ్చిన స్ట్రోక్ అయితే దాన్ని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపల పడాలె కాబట్టి ఎన్నిసార్లు రాసినా తక్కువే. కానీ ఆ టైం దాటిపోయినోళ్లు, ఇంజెక్షన్ పడ్డా సగం ఒళ్లు పనిచేయనోళ్లు, వీళ్లంతా కొన్ని రోజులకు డిశ్చార్జ్ అయి ఇంటికే వస్తరు కదా, ఆ తర్వాత ఏందనేది ఎవ్వరూ రాయరు. నేను దాని గురించే రాస్తున్న.

మాది కాజీపేట. మా అత్తమ్మకు డెబ్బై దాటినయి, బీపీ ఎప్పటినుంచో ఉంది. పోయిన ఏడాది మెదడుల ఎడమ పక్క గడ్డ కట్టి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినయి, మాట కూడా పోయింది. మనం చెప్పేది చాలా వరకు అర్థమైతది గని తను చెప్దామంటే "గదే, గదే" తప్ప ఇంకో మాట రాదు, నీళ్లు కావాలన్నా గదే, నడుం నొప్పి లేచినా గదే, మొహం చూసి మనమే తెలుసుకోవాలె. నేను ఇంట్లనే బట్టలు కుడుత, ఇప్పుడు మిషన్ తెచ్చి ఆమె మంచం పక్కకే వేసుకున్న.

మేం చూపించిన ప్రైవేట్ దవాఖానల డాక్టర్లు ప్రాణం కాపాడిండ్రు, దానికి చేతులెత్తి దండం పెడుత. కానీ డిశ్చార్జ్ నాడు ఇచ్చిన కాయితంల గోళీల పేర్లు, మళ్లీ ఎప్పుడు రావాలనేది, ఆఖర్ల ఫిజియోథెరపీ చేయించాలె అని ఒక్క లైను, అంతే. మనిషిని మంచం మీంచి ఎట్ల లేపాలె, ఎట్ల తినిపియ్యాలె, ఎట్ల పక్కకు తిప్పాలె అని ఒక్కరన్నా పక్కన నిలబడి చూపియ్యలే. మాకే కాదు, మా వీధిల ఇంకో ఇద్దరి ఇండ్లల్ల కూడా ఇదే కథ, వాళ్లు వేరే వేరే దవాఖానలకు పోయినోళ్లు.

మామూలుగా అందరం ఏం చేస్తం, పడిపోయిన చెయ్యి పట్టుకొని గుంజి లేపుతం. ఆ చేతికి బలం లేదు, భుజం కీలును పట్టుకొని ఉండే కండలు వదులైనయి, అట్ల గుంజితే కీలు జారుతది, ఇగ ఆ నొప్పి నెలల తరబడి పోదు, నొప్పికి భయపడి మనిషి ఎక్సర్‌సైజ్ కూడా చెయ్యనియ్యదు. లేపే పద్ధతి వేరే ఉంది. ముందు మోకాళ్లు మడిచి, మనిషిని పక్కకు దొర్లించి, కాళ్లు మంచం కిందికి జార్చి, భుజం వెనక వీపు మీద చెయ్యి పెట్టి లేపితే ఆమె బరువే ఆమెను సగం లేపుతది, మన నడుం కూడా బతుకుతది. తిండి సంగతి ఇంకా పెద్దది. స్ట్రోక్ వచ్చినోళ్లల్ల చాలామందికి మింగుడు సరిగ్గ ఉండదు, పడుకోబెట్టి నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లకు పోయి నిమోనియా వస్తది. నిటారుగా కూసోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, చిన్న చెంచాతోని, పనిచేసే దిక్కు చెంపల పెట్టాలె, మింగిందా లేదా చూసినంకనే రెండోది పెట్టాలె, తిన్నంక అర గంట అట్లనే కూసోబెట్టాలె. పల్చటి నీళ్లకంటే కొంచెం చిక్కటి జావ వాళ్లకు నయంగ దిగుతది, అయినా ఎవరికి ఎంత చిక్కగ అనేది చూసి చెప్పేటోళ్లు ఉండాలె. ఇట్ల ఒక్క పూట తినిపియ్యనీకే ముప్పావు గంట పడుతది. దానికి తోడు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలె, లేకుంటే నడుం కింద, మడమల కాడ పుండ్లు పడుతయి, రాత్రి కూడా ఇదే పని.

ఇవన్నీ నాకు మా చెల్లె కొడుకు చెప్పిండు, వాడు ఫిజియోథెరపీ చదువుతున్నడు. వాడు లేని ఇండ్ల సంగతేంది?

చెప్పేటోళ్లు లేని కాడ పావురం రక్తం పూయమనేటోళ్లు వస్తరు. గడ్డ కట్టింది మెదడుల అయితే రక్తం చేతికి పూస్తే ఏమొస్తది. నాటు మందు ఇచ్చేటోళ్లు కొందరు ఇంగ్లిష్ గోళీలు ఆపమంటరు, అది మాత్రం ఎవ్వరూ వినొద్దు, బీపీ గోళీ, రక్తం పల్చన చేసే గోళీ డాక్టర్ చెప్పకుండ ఆపితే రెండోసారి స్ట్రోక్ వచ్చే ప్రమాదం ఉంది.

అట్లని ఇంటోళ్లకు నేర్పిచ్చి చేతులు దులుపుకుంటే అయితదా అంటే అది కూడా కాదు. మన దేశంలనే 14 దవాఖానల్ల 1250 మంది పేషెంట్లతోని ఒక పెద్ద పరిశోధన చేసిండ్రట, 2017ల లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికల వచ్చిందని మా వాడే చూపిచ్చిండు. ఇంటోళ్లకు ట్రైనింగ్ ఇచ్చి ఎక్సర్‌సైజులు వాళ్లతోనే చేయిస్తే ఆరు నెలల తర్వాత ఏమన్నా తేడా వస్తదా అని చూస్తే, మామూలుగ చూసుకున్నోళ్లకూ వీళ్లకూ తేడా రాలే. నాకైతే దాంట్ల ఆశ్చర్యం అనిపియ్యలే, వంట, బట్టలు, డైపర్లు, గోళీలు చూసుకునే మనిషినే ఫిజియోథెరపిస్ట్ కూడా కమ్మంటే ఎట్లైతది. మనిషి దెబ్బతినకుండ లేపుడు, తినిపిచ్చుడు, తిప్పుడు ఇంటోళ్లకు నేర్పాలె, నడక, చెయ్యి మళ్లీ తెచ్చుడు చదువుకున్నోళ్ల పని, ఆ చదువుకున్నోళ్లే ఇంటికి రావాలె.

ఇప్పుడు ఫిజియో ఇంటికి రావాలంటే మా దగ్గర ఒక్కసారికి 500 తీసుకుంటున్నరు. కోలుకునుడు ఎక్కువగ అయ్యేది మొదటి మూడు నుంచి ఆరు నెలలల్లనే అంటరు, ఆ నెలలల్లనే ఇంట్ల పైసలు అన్నీ దవాఖానకు అయిపోయి ఉంటయి. కాజీపేట, హనుమకొండల ఉన్న మాకే ఇట్లుంటే ఏటూరునాగారం, భూపాలపల్లి దిక్కు ఊర్లోళ్లు మంచంల ఉన్న మనిషిని ఆటోల ఏసుకొని ఫిజియో కోసం రోజూ వరంగల్ వస్తరా? జగిత్యాల, సిరిసిల్ల దిక్కు చాలా ఇండ్లల్ల కొడుకులు గల్ఫ్‌ల ఉంటరు, ముసలవ్వను లేపేది డెబ్బై ఐదేండ్ల ముసలాయననే, ఆయనకే మోకాళ్ల నొప్పులు.

ప్రభుత్వం ఏం చేస్తలేదని నేను అంటలేను. ఆరోగ్యశ్రీ 2023 డిసెంబర్‌ల 5 లక్షల నుంచి 10 లక్షలు చేసిండ్రు, 70 దాటినోళ్లకు 2024 అక్టోబర్‌ల ఆయుష్మాన్ కార్డు మొదలుపెట్టిండ్రు, మంచిదే. కానీ అవి దవాఖాన మంచానికే, ఇంట్ల మంచానికి నెలల తరబడి అయ్యే డైపర్లు, ఎయిర్ బెడ్, ఫిజియో ఖర్చులు వాటిల రావు. దివ్యాంగుల పింఛను 2023ల 4016 చేసిండ్రు గని దానికి వైకల్యం ఎంతుందో డాక్టర్లు చూసి ఇచ్చే సర్టిఫికెట్ కావాలె, సర్టిఫికెట్ కోసం లేవలేని మనిషిని మోసుకొని క్యాంపుకు పోవాలె. మంచంల ఉన్నోళ్ల కాడికి డాక్టరే వచ్చి చూసే పద్ధతి ప్రతి మండలంల పెడితే ఎంత పుణ్యం.

కొత్తగ కనిపెట్టాల్సింది కూడా ఏం లేదు. కేంద్రం 2010-11ల మొదలుపెట్టిన వృద్ధుల ఆరోగ్య కార్యక్రమంల మంచం పట్టినోళ్ల ఇండ్లకు సబ్ సెంటర్ సిబ్బంది పోవాలె, చూసుకునే ఇంటోళ్లకు నేర్పాలె అని రాసే ఉంది. తమిళనాడుల 2021 ఆగస్టుల మక్కలై తేడి మరుత్తువం, అంటే జనం కాడికే వైద్యం, అని పెట్టి బీపీ, షుగర్ మందులతోపాటు ఫిజియోథెరపీ కూడా ఇంటికే పంపిస్తున్నరు. కేరళల ఆశ్వాసకిరణం కింద మంచంల ఉన్నోళ్లను చూసుకునే మనిషికి నెలకు 600 అని పెట్టిండ్రు, 600 దేనికీ సరిపోదు, డైపర్లకే చాలదు, అయినా చూసుకునే మనిషి అని ఒకరున్నరని ఒక సర్కారు లెక్కల రాసుకుంది. మన దేశం 2016 దివ్యాంగుల హక్కుల చట్టంల కూడా ఎక్కువ సాయం అవసరమైనోళ్లకు సంరక్షకుల భత్యం ఇచ్చే మాట ఉంది, జీతం లేకుండ చూసుకునే ఇంటోళ్లు కూడా సంరక్షకులే అని అదే చట్టంల ఉంది. ప్రభుత్వాల స్తోమతను బట్టి అని కూడా ఉందనుకోండి, మరి ఆ స్తోమత ఎప్పుడొస్తదో మన తెలంగాణల ఎవరన్నా చెప్పాలె.

ఇంకోటి చెప్పాలె. ఈ పని చేసేది ఎక్కువ ఇండ్లల్ల కోడలో, బిడ్డనో, భార్యనో. పెండ్లికి పోలేదు, పుట్టింటికి పోలేదు, తనకు జ్వరమొస్తే గోళీ ఏసుకొని మళ్లీ లేస్తది. మా యారాలు నెలకోసారి వచ్చి రెండు రోజులుంటది, ఆ రెండు రోజులు నేను నిద్రపోత. అందరికీ యారాలు ఉండదు కదా. మన ఊర్లల్ల మహిళా సంఘాలున్నయి, వాటిల ఇష్టమున్న ఆడోళ్లకు మంచి ట్రైనింగ్ ఇచ్చి, సర్కారు జీతమిచ్చి, నెలకు రెండు మూడు రోజులు ఇట్లాంటి ఇండ్లకు పంపితే వాళ్లకూ పని దొరుకుతది, ఇక్కడ ఒక మనిషికి ఊపిరి ఆడుతది. పేషెంట్‌కి దిగులు పట్టిందా, నిద్ర పోతుందా అని డాక్టర్లు అడుగుతరు, అడగాలె కూడా, స్ట్రోక్ తర్వాత డిప్రెషన్ చాలామందికి వస్తది. పక్కన నిలబడ్డ మనిషిని కూడా నువ్వెట్లున్నవమ్మా అని ఒక్క మాట అడగుమనండి.

దవాఖానలు, సర్కారీ అయినా ప్రైవేట్ అయినా, డిశ్చార్జ్‌కు ముందు ఒక్క గంట కేటాయించి, ఇంట్ల ఎవరు చూసుకుంటరో వాళ్లనే పిలిచి, సిస్టర్ ముందల వాళ్లతోనే ఒక్కసారి లేపించి, తినిపించి, తిప్పించి పంపాలె, కాయితం మీద రాసిస్తే రాదు ఇది. పల్లె దవాఖానా, బస్తీ దవాఖానా ఏఎన్ఎంలు మొదటి నెల వారానికోసారి వచ్చి పుండ్లు పడ్డయా, బీపీ ఎంతుంది చూడాలె. మండలానికి ఒక ఫిజియోథెరపిస్ట్‌ను పెట్టి ఊర్లకు తిప్పాలె. హనుమకొండ, వరంగల్ కలెక్టర్ గార్లు ముందు ఒక్క మండలంల అన్నా మొదలుపెట్టాలని కోరుతున్న.

మీరు కూడా జిల్లా పేజీల వారానికి ఒక చిన్న బాక్స్ ఇయ్యండి సార్. వైకల్యం సర్టిఫికెట్ క్యాంపుల స్లాట్లు ఎప్పుడు తెరుస్తరు, ఏ దవాఖానల ఏ రోజు ఫిజియో ఉంటది, పెద్దోళ్ల హెల్ప్‌లైన్ 14567 ఉందన్న సంగతి, ఇవి అందులో వేస్తే మా అసుంటోళ్లం కత్తిరించి గోడకు పెట్టుకుంటం.

ఇట్లు,
ఒక కోడలు, కాజీపేట