హైదరాబాద్‌లో ఉంటూ అమెరికా పైలట్ లైసెన్సు నిలబెట్టుకోవడంలో తోడ్పడినవారికి

అమెరికాలో విమానం నడపడం నేర్చుకుని ఇంటికి తిరిగొచ్చిన మా ప్రైవేట్ పైలట్లకు అడిగిందే తడవుగా సాయం చేసినవాళ్ళందరికీ నమస్కారాలు. పేర్లు వద్దన్నారు, సరే. ఎవరు ఏ చిక్కు విప్పారో మాత్రం రాస్తున్నాం, మా వెనక వచ్చేవాళ్ళకు పనికొస్తుంది.

ముందుగా, "లైసెన్సు ఎక్స్‌పైర్ అయిందా?" అన్న మా ప్రశ్నే తప్పని చెప్పిన ఇన్‌స్ట్రక్టర్ గారికి. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఇచ్చే ప్రైవేట్ పైలట్ కార్డు మీద గడువు తేదీ ఉండదు. ఆగిపోయేది దాన్ని వాడుకునే హక్కు. మెడికల్ (ఆరోగ్య సర్టిఫికెట్) గడువు దాటినా ఆగుతుంది, ఫ్లైట్ రివ్యూ (ఇన్‌స్ట్రక్టరుతో ఎగిరి చూపించే తనిఖీ) గడువు దాటినా ఆగుతుంది, ఇల్లు మారి 30 రోజుల్లో కొత్త అడ్రసు తెలపకపోయినా ఆగుతుంది.

ఇంకోటి కొత్తగా వచ్చింది. అమెరికాలో అడ్రసు లేని పైలట్లు అక్కడ ఒక ఏజెంటును చూపించాలి. అప్పటికే కార్డు ఉన్నవాళ్ళకు దానికి గడువు 2025 జులై 7తో ముగిసింది. ఎఫ్ఏఏ నుంచి వచ్చే ఉత్తరాలు అందుకోవడమే ఆ మనిషి పని. చుట్టమైనా స్నేహితుడైనా సరే, 18 ఏళ్ళు నిండాలి, నిజంగా ఇల్లో ఆఫీసో ఉన్న చిరునామా ఇవ్వాలి. పోస్ట్ బాక్స్ చెల్లదు. దీన్ని యూఎస్ఏఎస్ అనే ఎఫ్ఏఏ పోర్టల్లో నమోదు చేయాలి. డల్లాస్‌లో ఉంటూ దీనికి ఒప్పుకున్న అన్నకు ప్రత్యేకంగా థాంక్స్.

మెడికల్ సంగతి మా డాక్టరు గారి చలవ. మన దేశ విమానయాన సంస్థ డీజీసీఏ మెడికల్ చేతిలో ఉన్నా దీనికి పనికిరాదు, ఎఫ్ఏఏ నియమించిన డాక్టరే పరీక్షించాలి. వెళ్ళేముందు ఆన్‌లైన్‌లో మెడ్‌ఎక్స్‌ప్రెస్ అనే ఎఫ్ఏఏ ఫారం నింపి కన్ఫర్మేషన్ నంబరు తీసుకోవాలి. 60 రోజుల్లో పరీక్ష జరగకపోతే మళ్ళీ మొదటి నుంచి నింపాల్సిందే. వాడుతున్న మందులు, గత మూడేళ్ళలో కలిసిన డాక్టర్లు, అన్నీ రాయాలి. తేదీలు గుర్తురాక అక్కడ కూర్చుని ఫోన్లు చేసేకన్నా పాత ప్రిస్క్రిప్షన్లు ఇంట్లోనే వరసగా పేర్చుకోవడం మేలు. ప్రైవేట్ పైలట్లకు సరిపోయే థర్డ్ క్లాస్ మెడికల్, పరీక్ష నాటికి 40 ఏళ్ళు నిండకపోతే 60 నెలలు, నిండితే 24 నెలలు చెల్లుతుంది.

ఇక ఫ్లైట్ రివ్యూ. కనీసం గంట గ్రౌండ్ (నేల మీద పాఠం), గంట ఫ్లైయింగ్. లెక్క క్యాలెండర్ నెలల్లో. 2024 మార్చి 3న చేస్తే 2026 మార్చి 31 దాకా చెల్లుతుంది. ఇందులో పాస్, ఫెయిల్ అంటూ లేవు. ఇన్‌స్ట్రక్టరుకు తృప్తి కలగకపోతే ఆ గంటను శిక్షణగా రాసి, రివ్యూ సంతకం పెట్టరు, అంతే. బేగంపేటలో డీజీసీఏ ఇన్‌స్ట్రక్టరుతో ఎగిరితే రివ్యూ అయిపోతుందనుకోవడం మామూలు పొరపాటు. ఎఫ్ఏఏ ఇన్‌స్ట్రక్టరే సంతకం చేయాలి. పైగా వీటీ అక్షరాలతో మొదలయ్యే మన దేశపు విమానానికి పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే బాధ్యుడైన పైలట్‌గా, కూర్చోవాలంటే ఎఫ్ఏఏ కార్డు చాలదు, డీజీసీఏ అనుమతి కావాలి.

చాన్నాళ్ళు ఎగరనివాళ్ళ చెయ్యి ఎక్కడ మొద్దుబారుతుందో ఇన్‌స్ట్రక్టర్ గారు ముందే చెప్పారు: దిగేటప్పుడు రన్‌వే ఇంకా చాలా కింద ఉండగానే విమానం ముక్కు ఎత్తేయడం, 45 డిగ్రీలు వాల్చి తిప్పే స్టీప్ టర్న్‌లో ఎత్తు 100 అడుగులు దాటి జారిపోవడం, టవర్‌తో మాట తడబడటం. సెస్నా 172ఎస్ అనే చిన్న విమానంలో ఇంజన్ ఆగిందనుకుని చేసే సాధనలో ముందు 68 నాట్స్ వేగం పట్టుకోవాలి, దిగడానికి పొలం వెతుక్కోవడం ఆ తర్వాత. ఆ అంకె నోటికి రాకపోతే అమెరికాలో ప్రతి గంటకూ కట్టే అద్దె దానికే పోతుంది.

రివ్యూ అయిందని వెంటనే ఇంటిల్లిపాదినీ ఎక్కించకండి. గత 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగులు ఉండాలి. రాత్రిపూటైతే విమానం పూర్తిగా ఆగిన ల్యాండింగులే లెక్క.

డల్లాస్ అన్నా, మీరు ఇల్లు మారేటట్టుంటే మాత్రం ముందే ఒక మాట చెప్పండి. పోర్టల్లో మీ కొత్త అడ్రసు ఎక్కించాల్సింది మేమే.