బరాత్ గుర్రాలకు ఫిజియోథెరపీ అందించండి

గౌరవనీయులైన రాష్ట్ర పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను మహబూబ్‌నగర్‌లో ఫిజియోథెరపిస్టును. నేను చూసేది మనుషులను. అయినా బరాత్ గుర్రాలు పెంచే కుటుంబాలు మా వీధిలోనే ఉండడంతో, గుర్రం కుంటితే నన్నే అడుగుతారు. నేను చెయ్యి వేయను. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ఆ అధికారాన్ని రిజిస్టరైన పశువైద్యులకే ఇచ్చింది, అది న్యాయమే. కానీ ఆసుపత్రికి తీసుకువెళితే దొరుకుతున్నది నొప్పి తగ్గించే ఇంజెక్షన్ మాత్రమే. నొప్పి తెలియకపోవడంతో ఆ గుర్రం మర్నాడే మరో ఊరేగింపులో నిలబడుతుంది, గాయం ముదురుతుంది. వైద్యులను నేను తప్పుపట్టడం లేదు. గేదెలు, గొర్రెలతోనే వారికి ఊపిరి సలపదు.

గుర్రానికి మనలా కాలర్ ఎముక ఉండదు. ముందుకాళ్లను మొండేనికి పట్టి ఉంచేవి కండరాలే. శరీర బరువులో దాదాపు 60 శాతం ఆ కాళ్ల మీదే ఉంటుంది. అలాంటి జంతువును సిమెంటు రోడ్డు మీద గంటల తరబడి నిలబెట్టి, డీజే మోతలో ముందుకాళ్లు ఎత్తించి ఆడిస్తే ఆ భారమంతా నడుము మీద, వెనక కీళ్ల మీద పడుతుంది. జీను వెన్నుపూసను తాకకుండా ఇరుపక్కల కండరాల మీద ఆనాలి. పెళ్లిళ్లకు వాడే జరీ జీనులను ఏ గుర్రం వీపుకూ కొలిచి కుట్టరు.

మాలిష్ మన గుర్రాల వాళ్లకు కొత్త కాదు. ఎప్పుడు చేయకూడదో చెప్పేవారే లేరు. జ్వరం ఉన్నప్పుడు, వాపు తాజాగా ఉన్నప్పుడు రుద్దకూడదు. కండరాలు బిగుసుకుపోయి, మూత్రం కాఫీ రంగులో వస్తే మాలిష్ మాత్రమే కాదు, నడిపించడం కూడా ప్రమాదమే. వెంటనే డాక్టరు రావాలి. కాలి స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే నరంలాంటి పట్టీ) దెబ్బతిన్న తొలి రోజుల్లో చాలామంది వేడి కాపడం పెడతారు. చేయవలసింది చన్నీటి ధార, ఒక్కోసారి 15 నుంచి 20 నిమిషాలు. వాపు తగ్గాక చేత్తో పట్టి మెల్లగా నడిపిస్తూ, వారం వారం కొంచెం పెంచుకుంటూ పోవాలి. అది నెలల పని.

అసలు చిక్కు అక్కడే ఉంది. నిలబడ్డ గుర్రం సంపాదించదు, దాణా మాత్రం తింటుంది. యజమాని విశ్రాంతి ఇవ్వలేకపోవడానికి కారణం కాఠిన్యం కాదు, పేదరికం. వైద్యుడు రాసిచ్చిన విశ్రాంతి కాలానికి దాణా సాయం అందించండి.

ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు. ఆ నెలలో రాజేంద్రనగర్ పశువైద్య విశ్వవిద్యాలయం నుంచి నిపుణులను పంపి మహబూబ్‌నగర్‌లో, నల్గొండలో పశువైద్యులకు, గుర్రాల యజమానులకు కలిపి శిక్షణ ఇప్పించండి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాల సిబ్బందినీ అందులో చేర్చండి.

1965 నాటి కేంద్ర నియమాల ప్రకారం బండి లాగే, బరువు మోసే పశువుతో రోజుకు 9 గంటలకు మించి, విశ్రాంతి లేకుండా వరుసగా 5 గంటలకు మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు అసలు చేయించకూడదు. పాలమూరు వేసవిలో పగటి బరాత్‌లకు దీన్ని అమలు చేయించండి.

గుర్రాలు ఎన్నున్నాయని మీ అధికారులు అడగవచ్చు. 2019 పశుగణన నాటికి దేశంలో మిగిలినవి 3.4 లక్షలే, 2012తో పోలిస్తే 45 శాతానికి పైగా తగ్గాయి. తక్కువ ఉన్నాయి కాబట్టే ఖర్చూ తక్కువ. వచ్చే ఆషాఢానికి తొలి శిక్షణ తేదీ ప్రకటిస్తే, మనుషుల వైద్యంలో నేను నేర్చుకున్నది చెప్పడానికి జీతం లేకుండా వస్తాను.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు,
మహబూబ్‌నగర్