తలకు గాయమై బతికినవాళ్లను డిశ్చార్జి తర్వాత ఎవరు చూస్తారు?

సంపాదకులకు నమస్కారం.

మన విశాఖ పేపర్లలో తరచూ కనిపించే వాక్యం ఒకటుంది: తలకు తీవ్ర గాయమైంది, 108లో కేజీహెచ్‌కు తరలించారు. ఆ మనిషి చనిపోతే మర్నాడు మళ్లీ వార్త వస్తుంది. బతికితే ఇక వార్తే ఉండదు. అలా బతికినవాళ్ల గురించే ఈ ఉత్తరం.

హెల్మెట్ గురించి రాయబోవడం లేదు. ఆ మాట పోలీసులూ మీరూ చెప్తూనే ఉన్నారు, వినేవాడు వింటాడు. ప్రాణం కాపాడే ఏర్పాట్లు కూడా మునుపటికంటే మెరుగే. రోడ్డు ప్రమాద బాధితులకు కేంద్రం 2025లో తెచ్చిన నగదు రహిత పథకంలో లక్షన్నర రూపాయల దాకా వైద్యం అందుతుంది. కాకపోతే ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకే. తలకు పెద్ద దెబ్బ తగిలినవాడి ఇంట్లోవాళ్లకు ఏడో రోజుకి చాలాసార్లు వెంటిలేటర్ టెన్షనే తీరదు.

మా అక్క కొడుకు కూర్మన్నపాలెం దగ్గర బండి మీంచి పడ్డాడు. ఆపరేషన్ బాగా చేశారు, ఆ డాక్టర్లకు దండం పెట్టాలి. డిశ్చార్జి రోజున మాత్రం ముక్కులో పైపు, ఊపిరి కోసం మెడ దగ్గర పెట్టిన కన్నం, మూత్రానికి గొట్టం, వీటన్నిటితో ఇంటికి పంపేశారు. ఓ నర్సమ్మ వెళ్లే ముందు హడావుడిగా నాలుగు మాటలు చెప్పింది. పైపులో జావ పోసేటప్పుడు తలవైపు ఎత్తుగా ఉండాలి, పోశాక కూడా కనీసం అరగంట అలాగే ఉంచాలి. లేకపోతే అది ఊపిరితిత్తుల్లోకి పోయి నెమ్ము చేస్తుంది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే నడుం కింద పుండ్లు పడతాయి. మా అక్క ఫోన్‌లో అలారం పెట్టుకుని రాత్రంతా లేస్తూనే ఉండేది. కఫం తీసే సక్షన్ మెషీన్ అద్దెకు తెచ్చుకున్నాం. కరెంటు పోతే మా ప్రాణాలు పోయినంత పనయ్యేది.

ఇదంతా కంటికి కనిపించే కష్టం. పైపులు తీసేసి, నడక వచ్చాక రెండోది మొదలైంది. ఆసుపత్రిలో స్పృహకు మార్కులు వేస్తారు, గ్లాస్గో స్కేలని, 3 నుంచి 15 వరకు. మావాడికి 15కి 15 వచ్చాయి. కానీ పొద్దున తిన్న టిఫిన్ ఏమిటో గుర్తుండదు. స్టవ్ వెలిగించి వదిలేస్తాడు. ఎవరినీ పల్లెత్తు మాట అననివాడు ఇప్పుడు కూరలో ఉప్పు తగ్గిందని కంచం విసిరేస్తాడు. చుట్టాలేమో "ఇంకేం, బాగైపోయాడుగా" అని వెళ్లిపోతారు. గాలి సోకిందన్నవాళ్లూ ఉన్నారు. మెదడు ముందుభాగం దెబ్బతింటే కోపాన్ని ఆపుకునే శక్తే తగ్గిపోతుందని మాకు తెలిసేసరికి ఇంట్లో జరగాల్సిన గొడవలన్నీ జరిగిపోయాయి. ఆ ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

వైకల్య సర్టిఫికెట్‌ది మరో తిరకాసు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. పార్కిన్సన్స్ పేరుంది, మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరుంది, తలగాయానికి మాత్రం విడిగా పేరు లేదు. కాలో చెయ్యో పడిపోతే శాతం వేస్తారు. క్యాంపుకు తన కాళ్ల మీద నడిచొచ్చిన మనిషికి ఎంత వేస్తారు? మంచాన పడ్డవారికి రాష్ట్రం నెలకు 15,000 పింఛను ఇస్తోంది, మంచిదే. ఉద్యోగం పోయి, ఇంట్లో ఒంటరిగా వదల్లేని మనిషి మాత్రం అంత తేలిగ్గా ఏ లెక్కలోకీ రాడు.

శ్రీకాకుళం, పాడేరు, ఒడిశాలోని కోరాపుట్ నుంచి కూడా తలగాయాల కేసులు విశాఖకే వస్తాయి. ఫిజియోథెరపీ ఒకచోట, మాట నేర్పే స్పీచ్ థెరపీ ఇంకోచోట, ఫిట్స్ మందుల కోసం న్యూరో ఓపీ వేరే రోజు, కోపం తగ్గించే మందుకు చినవాల్తేరు మానసిక ఆసుపత్రి. రోగిని పట్టుకుని ఘాట్ రోడ్డు దిగొచ్చే కుటుంబం ఇన్ని గుమ్మాలు ఎక్కగలదా? కేజీహెచ్‌లోనో విమ్స్‌లోనో వారానికి ఒకరోజు ఈ డాక్టర్లూ థెరపిస్టులూ అందరూ ఒకేచోట కూర్చుని చూసే క్లినిక్ పెట్టాలి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో, వెల్లూరు సీఎంసీలో పునరావాస విభాగాలు ఎప్పటి నుంచో ఉన్నాయి, స్తోమత ఉన్నవాళ్లు అక్కడికి వెళ్తున్నారు. మెరుగుదల మొదటి ఆరు నెలల్లో వేగంగా ఉంటుంది, ఆ తర్వాత కూడా నెమ్మదిగా సాగుతుంది. ఆ మొదటి నెలలే మావాళ్లకు క్యూల్లో గడిచిపోతున్నాయి.

క్లినిక్‌కు నిధులు కావాలంటారేమో, సరే. ఈలోగా పెద్దగా ఖర్చు లేని పని ఒకటుంది. డిశ్చార్జికి రెండు రోజుల ముందు నుంచే, ఇంట్లో చూసుకోబోయే మనిషి చేత నర్సు ఎదుటే జావ పోయించాలి, పక్కకు తిప్పించాలి, కఫం తీయించాలి. చేతనైందని చూశాకే డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టాలి. తెలుగులో బొమ్మలతో ఒక కరపత్రం ఇవ్వాలి. ఫిట్స్ వచ్చినా, వాంతులైనా, మగతగా పడి ఉన్నా ఫోన్ చేయడానికి అందులో ఒక నంబరుండాలి. బాత్రూంలో జారిపడ్డ పెద్దవాళ్లకూ ఈ నంబరు అవసరమే, వాళ్లకు కొన్ని వారాల తర్వాత కూడా తలలో రక్తం చేరొచ్చు. వీటికి కొత్త జీవో అక్కర్లేదు, ఆసుపత్రి సూపరింటెండెంట్ ఒక సర్క్యులర్ ఇస్తే చాలు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గాజువాక, విశాఖపట్నం