ఈ ఆదివారం మన సీజే-3బీ జీపుకి ఇంజన్ ఎక్కిస్తున్నాం

అన్నలూ తమ్ముళ్లూ, ఛాసిస్ పెయింట్ ఆరింది, ఆదివారం పొద్దున్నే 7కి మా షెడ్డుకి వచ్చేయండి, ఎండ ముదరకముందే ఇంజన్ కూర్చోబెట్టాలి.

హరికేన్ ఇంజన్ కదా, చేతులతో లేచేది కాదు, చైన్ పుల్లీ ఉన్నోళ్లు శనివారం రాత్రికే తెచ్చి పడేయండి.

బోల్టులు డీజిల్లో కడగడానికి తీసుకెళ్లినోళ్లు ఏ కవర్‌వి ఆ కవర్లోనే, పైన రాసిన చీటీతో సహా తేవాలి, కలిపేశారో ఇక అంతే 😄

దీనికి ఇన్‌లెట్ వాల్వులు పైన హెడ్‌లో, ఎగ్జాస్ట్‌వి కింద బ్లాకులో ఉంటాయి (బానెట్ అంత ఎత్తు అందుకే), ట్యాపెట్లు (వాల్వుల దగ్గర వదిలే సందు) రెండు చోట్లా చూడాలి, ఆ సందు కొలిచే ఫీలర్ గేజ్ మర్చిపోవద్దు.

ప్లగ్ వైర్లు 1-3-4-2 వరస (సిలిండర్లు మండే వరస), నేను చూశాకే సెల్ఫ్ కొట్టండి.

చెప్పులతో రావద్దు, షూ వేసుకోండి. పెట్రోల్ డబ్బా దగ్గర సిగరెట్ బంద్.

టిఫిన్ మాదే, ఇడ్లీలు లెక్కేయాలి, వచ్చేవాళ్లు శుక్రవారంలోపు 👍 పెట్టండి.